ఫిర్యాదు మూసే హక్కు మాకివ్వండి: ఇంటింటికీ ఇంటర్నెట్ అందిస్తున్న సంస్థలకు బహిరంగ లేఖ

ఇళ్లకు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇస్తున్న సంస్థల యాజమాన్యాలకు, వాటిని పర్యవేక్షించే నియంత్రణ సంస్థల అధికారులకు,

నమస్కారం.

మా ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంది. బిల్లు గడువు దాటకుండా కడుతున్నాను. కొంతకాలంగా ఆ కనెక్షన్ సరిగా పనిచేయడం లేదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను, యాప్‌లో ఫిర్యాదు పెట్టాను, ఈమెయిల్ రాశాను, చివరికి పైస్థాయిలో అప్పీలు చేసుకున్నాను. ప్రతిసారీ ఒక ఫిర్యాదు నంబరు వచ్చింది. కొన్ని గంటలకో, మర్నాడో 'మీ సమస్య పరిష్కారమైంది' అని మెసేజ్ కూడా వచ్చింది. లోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. చెప్పాల్సిన చోటల్లా చెప్పాను. ఎవరూ వినలేదు కాబట్టి అందరి ముందూ చెప్పుకుందామని ఈ లేఖ రాస్తున్నాను.

సంస్థ పేరు కావాలనే రాయడం లేదు. పేరు రాస్తే ఇది ఒక సంస్థకూ ఒక వినియోగదారుడికీ మధ్య తగాదాగా మిగిలిపోతుంది, మిగతా సంస్థలు తమకు సంబంధం లేదనుకుంటాయి. నాకు తెలిసినవాళ్లు వేర్వేరు సంస్థల కనెక్షన్లు వాడుతున్నారు. ఎవరిని కదిలించినా ఇదే గోడు.

వానలో స్తంభాలెక్కి తెగిన లైన్లు అతికే సిబ్బంది అంటే నాకు గౌరవం. ఫైబర్ అంటే వెంట్రుకంత సన్నటి గాజుపోగు. తెగితే రెండు కొసలనూ కరిగించి మళ్లీ అతకాలి. చాలా ఓపిక కావాల్సిన పని. రోడ్డు తవ్వకాల్లో కేబుల్ తెగితే అది మీ తప్పని నేననను. లోపాలు ఎవరికైనా వస్తాయి. లోపం కళ్లెదుట ఉండగానే అది తీరిపోయిందని రికార్డుల్లో రాసుకోవడం మీదే నా అభ్యంతరమంతా.

జరుగుతున్నది ఇదీ. సాయంత్రమయ్యేసరికి నెట్ నెమ్మదిస్తుంది. వీడియో కాల్‌లో అవతలివాళ్ల మాట ముక్కలుముక్కలుగా వినిపిస్తుంది. కొన్ని రోజులు గోడకు బిగించిన పెట్టె మీద ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా వెలుగుతుంది. ఫైబర్ నుంచి కాంతి సంకేతమే అందడం లేదని దాని అర్థం. ఫోన్ చేస్తే ముందు రికార్డు చేసిన గొంతు, తర్వాత ఎదురుచూపు, ఆ తర్వాత 'రూటర్ ఒకసారి ఆపి ఆన్ చేయండి' అన్న సలహా. ఎర్రలైటు వెలుగుతోందని చెప్పినా అదే సలహా.

టెక్నీషియన్ ఎప్పుడొస్తారో చెప్పరు. వచ్చినాయన లైను సరిచేయకముందే నా ఫోన్‌కు వచ్చిన ఓటీపీ అడుగుతారు. ఆ అంకెలు చెబితే ఫిర్యాదు మూసినట్టే. ఇవ్వనంటే బతిమాలతారు, ఆలస్యమైతే తనకు జీతంలో కోత పడుతుందంటారు. ఆయన మీద నాకు కోపం లేదు. సాయంత్రంలోగా ఇన్ని ఫిర్యాదులు మూయాలని ఆయనకు పైనుంచి చెప్పారు, పనికి కావాల్సిన సమయమూ సామగ్రీ మాత్రం ఇవ్వలేదు. మా గుమ్మంలో మేమిద్దరం ఎదురెదురుగా నిలబడి వాదించుకోవాల్సి రావడానికి కారణం మీరు పెట్టిన పద్ధతే.

దీనివల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో అంశాలవారీగా మీ ముందు పెడుతున్నాను.

1. ఫిర్యాదు మూసిన ప్రతిసారీ గడువు మళ్లీ మొదటికొస్తోంది.

మూడు రోజులుగా నెట్ లేని ఇల్లు ఒకటి ఉందనుకోండి. మొదటి రోజు పెట్టిన ఫిర్యాదును సాయంత్రానికి మూస్తారు. రెండో రోజు ఫోన్ చేస్తే కొత్త నంబరు ఇస్తారు. మూడో రోజు ఇంకో నంబరు. ఆ ఇంట్లో వాళ్లకు అది మూడు రోజుల అంతరాయం. రికార్డులో మాత్రం అవి మూడు వేర్వేరు ఫిర్యాదులు, మూడూ ఒక్క రోజులోనే పరిష్కారమైనవి. ఇన్ని రోజులు సేవ అందకపోతే బిల్లులో ఇంత తగ్గించాలని నియమం ఉన్నా, ఇలా లెక్కేస్తే ఆ గడువు ఎన్నటికీ రాదు. అప్పీలుకు వెళితే పెండింగ్‌లో ఫిర్యాదేదీ లేదని జవాబొస్తుంది.

నియంత్రణ సంస్థల అధికారులు దయచేసి ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. సంస్థలు తమ సిస్టమ్‌లోని ఈ అంకెలనే మీకు పంపిస్తే, మీ ముందున్న నివేదికలో ఏముంటుంది? ఒకే లోపం ఎన్నిసార్లు తిరగబెడితే, త్వరగా తీర్చిన ఫిర్యాదుల సంఖ్య అంత పెరిగి కనిపిస్తుంది. అధ్వానంగా ఉన్న వీధే అన్నిటికన్నా చక్కగా సేవలందుతున్న వీధిలా తేలుతుంది. అలాంటి కాగితాన్ని ఆధారం చేసుకుని మీరు ఎంత నిజాయతీగా పనిచేసినా, మా వరకు న్యాయం చేరదు.

ఇందులో ఎక్కువగా నష్టపోయేది గట్టిగా అడగలేనివాళ్లు. ఓపికా తీరికా ఉన్నవాళ్లు మళ్లీ ఫోన్ చేస్తారు, పై అధికారి పేరు అడుగుతారు. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే మెనూ అర్థంకాని పెద్దవాళ్లు, పనివేళల్లో ఫోన్ పట్టుకునే వీల్లేనివాళ్లు, చంటిపిల్లతో సతమతమవుతున్న తల్లి రెండోసారి చేయలేరు. వాళ్లు ఊరుకోవడాన్ని మీరు సంతృప్తి కింద జమకడుతున్నారు. ఈ లేఖలో నేను చెప్పే సంగతులన్నిటిలోకీ నన్ను ఎక్కువగా బాధిస్తున్నది ఇదే.

2. మీ తెర మీద కనిపించే సంగతే మమ్మల్ని అడుగుతున్నారు.

ఫైబర్ కనెక్షన్‌లో ఇంటి పెట్టెకూ, మీ కేంద్రంలోని పరికరానికీ మధ్య ఎప్పుడూ సమాచారం నడుస్తూనే ఉంటుంది. ఇంట్లోకి చేరుతున్న కాంతి ఎంత బలంగా ఉందో మీ సిబ్బంది దూరం నుంచే చూడగలరు. దాన్ని డీబీఎమ్ అనే కొలతలో చెబుతారు. విరివిగా వాడే పెట్టెలు మైనస్ 27 దాకా తగ్గిన కాంతితోనూ పనిచేసేలా తయారవుతాయి. ఆ హద్దు దాటి పడిపోతే సంకేతంలో తప్పులు పెరిగి, చివరికి పూర్తిగా పోతుంది. కనెక్టర్‌కు దుమ్ము పట్టినా, కేబుల్ మరీ వంగినా, అతుకు చెడిపోతున్నా ఆ అంకె దిగజారుతూ వస్తుంది. కాబట్టి మా లైను పూర్తిగా పోకముందే మీకు తెలుసుకునే వీలుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. కరెంటు పోయినప్పుడు ఆ పెట్టె ఆరిపోయే ముందు చివరగా ఒక చిన్న సందేశం పంపేలా ఈ పరికరాల ప్రమాణాల్లోనే ఏర్పాటు ఉంది. ఇంజనీర్లు దాన్ని 'డైయింగ్ గ్యాస్ప్' అంటారు. ఆ సందేశం వచ్చి కనెక్షన్ పోతే ఇంట్లో కరెంటు పోయిందని అర్థం. సందేశం రాకుండానే పోతే లోపం దారిలో ఉండే అవకాశం ఎక్కువ. ఒకే స్ప్లిటర్ (ఒక పోగులోని కాంతిని చాలా ఇళ్లకు పంచే పరికరం) కింద ఉన్న ఇళ్లన్నీ ఒకేసారి పోతే తెగింది ఒక్కరింటి తీగ కాదని మీ కేంద్రంలో కూర్చున్నవారికి నిమిషాల్లో తెలుస్తుంది. అన్నీ తెలిసే వీలుండగా ఆ ఇళ్లవాళ్లను ఒక్కొక్కరినీ లైనులో నిలబెట్టి రూటర్ రీస్టార్ట్ చేయించడం ఎందుకు? 'మీ ప్రాంతంలో కేబుల్ తెగింది, ఫలానా సమయానికి సరిచేస్తాం' అని అందరికీ ఒక్క మెసేజ్ పంపితే మాకు ఊరట. మీ కస్టమర్ కేర్ మీద భారమూ తగ్గుతుంది.

3. సంతకం పెట్టినప్పుడు చెప్పిన వేగం సాయంత్రానికి ఉండడం లేదు.

చాలా ఇళ్లకు వస్తున్నది జీపాన్ పద్ధతి ఫైబర్. అందులో ఒక ప్రధాన పోగులో సెకనుకు సుమారు 2.5 గిగాబిట్ల సమాచారం ఇళ్లవైపు, 1.25 గిగాబిట్లు ఇళ్ల నుంచి వెనక్కి వెళ్లగలదు. ఆ పోగును స్ప్లిటర్‌తో సాధారణంగా 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. 64 ఇళ్లూ ఒకే క్షణంలో పూర్తిగా వాడితే ఇంటికి సెకనుకు 40 మెగాబిట్లు కూడా రావు. పంచడం తప్పని నేననడం లేదు. అందరూ ఒకే క్షణంలో పూర్తి వేగం వాడరు కాబట్టే ఇంటర్నెట్ ఇంతమందికి అందగలుగుతోంది. ఆ పోగు నిండిపోతోందని, అక్కడి నుంచి మీ కేంద్రం దాకా, కేంద్రం నుంచి బయటి నెట్‌వర్క్‌ల దాకా వెళ్లే దారులు చాలడం లేదని తెలిసి కూడా కొత్త కనెక్షన్లు అమ్ముతూ పోవడం మాత్రం తప్పు. ప్రకటనల్లో గరిష్ఠ వేగం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి ఎంతకు తగ్గకుండా ఇస్తారో ఎక్కడా ఉండదు.

దీని మీద ఫిర్యాదు చేస్తే రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. మొదటిది, లోపం మీ వైఫైలో ఉందని. కొన్నిసార్లు అది నిజమే. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి చుట్టుపక్కల ఇళ్ల రూటర్లు అడ్డొస్తాయి, 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు దాటేసరికి బలహీనపడుతుంది. అందుకే నేను రూటర్ నుంచి కంప్యూటర్‌కు నేరుగా కేబుల్ పెట్టి కొలిచి, ఆ కొలతలు పంపాను. వాటిని ఎవరూ తెరిచి చూసిన దాఖలా లేదు. రెండోది, టెక్నీషియన్ తన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేసి చూపించడం. ఆ పరీక్షలో ఎంచుకున్న సర్వర్ మీ సంస్థ నెట్‌వర్క్ లోపలే ఉంటే, సమాచారం మీ గేటు దాటకుండానే అంకె వచ్చేస్తుంది. గేటు బయటి ఇరుకు అందులో కనపడదు. మేం చూసే పాఠాలు, మాట్లాడే మనుషులు, చేసే ఉద్యోగాలు చాలావరకు ఆ గేటు బయటే ఉన్నాయి.

4. పిల్లల చదువు, పెద్దల కొలువు, రోగుల వైద్యం దెబ్బతింటున్నాయి.

2020లో మహమ్మారి వచ్చినప్పుడు తరగతులూ ఆఫీసులూ ఇళ్లలోకి వచ్చాయి. వాటిలో కొన్ని వెనక్కి వెళ్లాయి, చాలా పనులు ఇంట్లోనే ఉండిపోయాయి. అప్పటి నుంచి ఇంటి ఇంటర్నెట్ అంటే సినిమా చూసుకునే వసతి ఒక్కటే కాదు. ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో కనెక్షన్ తెగితే ఆ విద్యార్థి మళ్లీ లోపలికి వెళ్లేసరికి సమయం గడిచిపోతుంది. కొన్ని పరీక్షల్లో తిరిగి వెళ్లే అవకాశమే ఉండదు. ఉద్యోగం కోసం ఎదురుచూసిన అమ్మాయి ఇంటర్వ్యూలో నోరు తెరిచేసరికి తెర ఆగిపోతే, అవతల కూర్చున్నవారు ఆమె తడబడిందనుకుంటారు. ఇంటి నుంచి కస్టమర్ల కాల్స్ తీసుకునే ఉద్యోగికి లైను తెగిన గంటలు హాజరులో లెక్కకు రావు. దూరంలో ఉన్న డాక్టరుతో మాట్లాడుతున్న ముసలాయన తన నొప్పి ఎక్కడో చెప్పేలోపు కాల్ పోతే మళ్లీ అపాయింట్‌మెంట్ ఎప్పటికి దొరకాలి?

ఇలాంటి పనులకు డౌన్‌లోడ్ వేగం ఒక్కటే చాలదు. మన మాట అవతలికి చేరడానికి ఎంతసేపు పడుతోందన్నది ముఖ్యం. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే చాలా సంభాషణలు ఇబ్బంది లేకుండా సాగుతాయని అంతర్జాతీయ టెలికాం సమాఖ్య జీ.114 సిఫార్సు చెబుతోంది. అది దాటుతున్నకొద్దీ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడటం మొదలవుతుంది. అప్‌లోడ్ దారి ఇరుకుగా ఉండి, ఇంట్లో ఎవరో ఫోటోలు క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంటే రూటర్‌లో సమాచారం క్యూ కట్టి ఆ ఆలస్యం అమాంతం పెరుగుతుంది. ఆ సమయంలో డౌన్‌లోడ్ అంకె బాగానే ఉండొచ్చు, కాల్ మాత్రం నడవదు. మీ ఫిర్యాదుల యాప్‌లో 'నెట్ రావడం లేదు', 'నెట్ నెమ్మదిగా ఉంది' అన్న రెండు పెట్టెలే ఉన్నాయి. 'ఉంది కానీ మాటిమాటికీ తెగిపోతోంది' అని చెప్పుకోవడానికి చోటే లేదు. చోటు లేని సమస్య మీ లెక్కల్లోకి ఎలా వస్తుంది?

5. నెట్‌తోపాటు ఫోనూ పోతోంది.

పాత రాగితీగ ల్యాండ్‌లైన్లకు ఎక్స్చేంజ్ నుంచే కరెంటు వచ్చేది. ఇంట్లో కరెంటు లేకున్నా ఫోన్ మోగేది. ఇప్పుడు ల్యాండ్‌లైన్ కూడా ఇదే ఫైబర్ పెట్టె మీద ఆధారపడుతోంది. గోడల మధ్య మొబైల్ సిగ్నల్ అందని ఇళ్లు మొబైల్ మాటలకు కూడా వైఫైనే నమ్ముకున్నాయి. అలాంటి ఇంట్లో ఎర్రలైటు వెలిగితే అంబులెన్సును పిలవడానికి కూడా వీధిలోకి పరుగెత్తాలి. బ్రిటన్‌లో ల్యాండ్‌లైన్ తప్ప వేరే దారిలేని వినియోగదారులకు కరెంటు పోయినా కనీసం ఒక గంటపాటు అత్యవసర కాల్స్ చేసుకునే ఏర్పాటు చూపాలని అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2018లోనే సంస్థలకు సూచించింది. కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు, దీర్ఘకాలిక రోగులు ఎవరైనా ఉన్నారా అని మీలో ఎంతమంది అడుగుతున్నారు?

6. 'ఈరోజు వస్తారు' అన్న ఒక్క మాటకు ఇంటిల్లిపాదీ కట్టుబడిపోవాలి.

ఉదయం నుంచి రాత్రిలోపు ఎప్పుడైనా రావచ్చంటారు. ఎవరో ఒకరు పని మానుకుని ఇంట్లో ఉండాలి. రోజు కూలితో బతికేవారికి అది ఒక రోజు సంపాదన. ఎవరూ రాకపోగా రాత్రికి 'మీరు ఇంట్లో లేనందున ఫిర్యాదు మూసివేశాం' అని మెసేజ్ వస్తుంది. మా ఇంట్లో మనిషి ఉండగానే ఈ మెసేజ్ వచ్చింది. ఇది అబద్ధం. దీన్ని ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

7. వదిలి వెళదామన్నా దారి మూసి ఉంటోంది. ముందే నెలల తరబడి డబ్బు కట్టించుకుంటారు. సేవ అందనందుకే వెళుతున్నా ఒప్పందం మధ్యలో వదిలేశారంటూ కోత పెడతారు. పెట్టె తిరిగి తీసుకెళ్లడానికి మనిషి రాడు, రానందుకు బిల్లు ఆగదు. మొబైల్ నంబరును మరో సంస్థకు మార్చుకున్నంత తేలిగ్గా ఇంటి కనెక్షన్ మార్చుకోలేం. చాలా భవనాల్లో లోపలికి కేబుల్ వేసుకున్న సంస్థ ఒక్కటే కావడంతో మార్చుకోవడానికి రెండోది ఉండదు.

8. ఒకే ఇంటర్నెట్ చిరునామాను ఎన్నో ఇళ్లకు కలిపి ఇస్తున్న సంగతి కూడా చెప్పడం లేదు. పాత ఐపీవీ4 పద్ధతిలో ఉన్నవి సుమారు 430 కోట్ల చిరునామాలే. పంచడానికి మిగిలిన కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. కలిపి ఇవ్వక తప్పదని ఒప్పుకుంటాను. దానివల్ల ఇంటి కెమెరాను బయటి నుంచి నేరుగా చూసుకోలేమని, ఇంకెవరో చేసిన పనికి మనల్ని కొన్ని సైట్లు ఆపేయవచ్చని అమ్మేటప్పుడే చెప్పాలి. చిరునామాలకు కొరత లేని కొత్త పద్ధతి ఐపీవీ6 ఇస్తున్నారో లేదో కూడా చెప్పాలి.

ఇవన్నీ సరిదిద్దడం సాధ్యం కాదని మీరనవచ్చు. ఇతర చోట్ల చేసి చూపించారు. ఐరోపా సమాఖ్య 2015లో తెచ్చిన నిబంధన ప్రకారం ఇంటి కనెక్షన్ ఒప్పందంలో కనిష్ఠ వేగం, మామూలుగా అందే వేగం, గరిష్ఠ వేగం, ప్రకటనలో చెప్పిన వేగం నాలుగూ రాయాలి, అప్‌లోడ్‌కూ డౌన్‌లోడ్‌కూ విడివిడిగా. జర్మనీలో 2021 డిసెంబరు నుంచి వినియోగదారుడు నియంత్రణ సంస్థ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌తో నిర్ణీత పద్ధతిలో కొలిచి, వేగం తగ్గిందని రుజువైతే ఆ మేరకు బిల్లు తగ్గించుకోవచ్చు, లేదా ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. బ్రిటన్‌లో 2019 ఏప్రిల్ నుంచి ప్రధాన సంస్థలు స్వచ్ఛందంగా ఒక పథకంలో చేరాయి. పోయిన సేవను రెండు పూర్తి పనిదినాల్లో తిరిగి ఇవ్వలేకపోయినా, చెప్పిన సమయానికి టెక్నీషియన్ రాకపోయినా, వినియోగదారుడు అడగకుండానే పరిహారం ఖాతాలో జమవుతుంది. అమెరికాలో 2024 ఏప్రిల్ నుంచి పెద్ద సంస్థలు ప్రతి ప్లాన్‌తోపాటు ఒక వివరాల పట్టీ చూపించాలి. సాధారణంగా అందే వేగం, ఆలస్యం, అదనపు రుసుములు, డేటా పరిమితి అందులో ఉండాలి.

భారతదేశంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనలు ప్రతి ఫిర్యాదుకూ డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, ఇవ్వాలని, సంతృప్తి లేకపోతే సంస్థలోనే అప్పీలు చేసుకునే అవకాశం ఉండాలని చెప్పాయి. టెలికాం సేవల మీద వినియోగదారుల కమిషన్లు ఫిర్యాదులు విచారించవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. నియమాలు లేవనలేం. అయితే ట్రాయ్ విడి వ్యక్తుల ఫిర్యాదులు విచారించదు. కమిషన్‌కు వెళ్లడమంటే కాగితాలు, వాయిదాలు, తిరుగుడు. ఒక నెల బిల్లు కోసం ఎవరు తిరగగలరు? నంబరు ఇవ్వమన్న నియమం ఉంది కానీ, ఆ నంబరును ఎవరు మూయాలన్న దగ్గరే అంతా జారిపోతోంది.

కాబట్టి నా మొదటి డిమాండు, మిగతావన్నీ పక్కనపెట్టినా వదులుకోలేని డిమాండు ఇదే: ఫిర్యాదును మూసే అధికారం ఫిర్యాదు చేసినవారి చేతిలో ఉండాలి. 'సరిచేశాం' అని సంస్థ చెప్పవచ్చు. ఆ తర్వాత వినియోగదారుడు అవునంటేనే అది మూతపడాలి. జవాబు రాకపోతే కొన్ని రోజులు ఆగి, ఆ రోజుల్లో లైను నిలకడగా ఉన్నట్టు సంస్థ దగ్గరున్న కొలతలు చూపిస్తే అప్పుడు మూయవచ్చు. అదే లోపం నెలలోపు తిరగబెడితే పాత ఫిర్యాదే మళ్లీ తెరవాలి, మొదటి రోజు నుంచే అంతరాయం లెక్కించాలి. పని పూర్తికాకముందు ఓటీపీ అడగడాన్ని నిషేధించాలి. అడగాల్సిన పరిస్థితి సిబ్బందికి రాకుండా, ఎన్ని మూశారన్న లెక్క తీసేసి, ఎన్ని తిరగబెట్టలేదన్న లెక్క పెట్టండి. లోపాన్ని నిజంగా బాగుచేసిన టెక్నీషియన్‌కు అప్పుడు తగిన విలువ దక్కుతుంది.

నియంత్రణ సంస్థలు నివేదికల్లో తిరగబెట్టిన ఫిర్యాదుల సంఖ్యను విడిగా అడగాలి. సంస్థ పంపిన అంకెలను నమ్మి ఊరుకోకుండా, మూసిన ఫిర్యాదుల నుంచి కొన్నిటిని తామే ఎంచుకుని ఆ ఇళ్లకు ఫోన్ చేసి నిజం కనుక్కోవాలి. ఈ తనిఖీ ఫలితాలు ప్రాంతాలవారీగా, సంస్థలవారీగా ప్రజల ముందు పెట్టాలి.

సేవ పోయిన రోజులకు బిల్లు తగ్గింపు అడగకుండానే జరగాలి. కనెక్షన్ ఎప్పుడు తెగిందో, ఎప్పుడు వచ్చిందో మీ సిస్టమ్‌లో నిమిషాలతో సహా ఉంటుంది, మమ్మల్ని రుజువులు అడగనక్కర్లేదు. చెప్పిన వేళకు మనిషి రాకపోతే దానికీ పరిహారం ఉండాలి. రెండు గంటల వ్యవధికి మించని సమయం ముందే చెప్పాలి.

ఒప్పందంలో రద్దీ వేళ కనిష్ఠ వేగం, అప్‌లోడ్ వేగం, ఎన్ని ఇళ్లకు పంచుతున్నారో రాయాలి. మా కాంతి సంకేతం బలం, లైను ఎన్నిసార్లు తెగిందన్న చరిత్ర యాప్‌లో మాకూ కనిపించాలి. వరుసగా సేవ సరిగా అందకపోతే ఏ కోతా లేకుండా ఒప్పందం వదులుకునే హక్కు ఉండాలి, ముందే కట్టిన డబ్బు మిగిలిన రోజులకు తిరిగి రావాలి.

వృద్ధులు, రోగులు, దివ్యాంగులు ఉన్న ఇళ్లను వేరుగా నమోదు చేసుకుని, అక్కడి లోపాలు ముందు సరిచేయండి.

తోటి వినియోగదారులకు ఒక మనవి. పని పూర్తయి, మీరు స్వయంగా చూసుకున్న తర్వాతే ఓటీపీ చెప్పండి. ఒత్తిడి చేస్తే ఆ సంగతి యాప్‌లోనే రాయండి. ప్రతి ఫిర్యాదు నంబరు, మూసినట్టు వచ్చిన ప్రతి మెసేజ్ దాచుకోండి. వేగం కొలిచేటప్పుడు రూటర్‌కు కేబుల్ పెట్టి కొలవండి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, మీ సంస్థది కాని సర్వర్‌తో. ఎర్రలైటు వెలిగితే తేదీ, సమయం కనిపించేలా ఫోటో తీయండి. ఒకే స్ప్లిటర్ మీద ఉన్న ఇళ్లవాళ్లు కలిసి ఒకే లేఖగా రాస్తే, లోపం మీ రూటర్‌లో ఉందని అనడానికి వీలుండదు. ఫోన్ చేయలేని పెద్దవాళ్లు పక్కింట్లో ఉంటే వాళ్ల తరఫున కూడా ఫిర్యాదు పెట్టండి.

సంస్థల యాజమాన్యాలు ఈ లేఖలోని ఎనిమిది అంశాలకూ, ఆ తర్వాతి డిమాండ్లకూ విడివిడిగా, రాతపూర్వకంగా, అందరూ చదివేలా జవాబివ్వాలని కోరుతున్నాను. ఏది చేస్తారో, ఎప్పటిలోగా చేస్తారో తేదీతో చెప్పండి. ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో అదీ చెప్పండి. ఫిర్యాదులు మూసే పద్ధతి మీద విచారణ జరపాలని కోరుతూ, నా దగ్గరున్న ఫిర్యాదు నంబర్లు, మెసేజ్‌లు, కొలతలు జతచేసి ఇదే లేఖను నియంత్రణ సంస్థకు పంపిస్తున్నాను.

ఇట్లు,
ఒక వినియోగదారుడు